మట్టి పటం చూసి ఏ చెలకలో ఏం వెయ్యాలో తేల్చుకోవడం ఎలా?

పైన వీడియోలో పటం చూపిస్తూ, చెలకలో గుంత తీస్తూ మాట్లాడాను. వీడియోలో లెక్కలు గబగబా వెళ్లిపోతాయి, అందుకే ఇక్కడ నిదానంగా రాస్తున్నాను. ఈ ఏడాది పండ్ల తోట పెడదామనుకునేవాళ్లు తప్పకుండా చివరి దాకా చదవండి. కూరగాయలు సరిపడని నేలలో వేస్తే ఒక పంట పోతుంది. మామిడి అలా పెడితే ఆ సంగతి ఐదారేళ్లకు గానీ బయటపడదు.

"ప్రకృతి వ్యవసాయం చేస్తున్నాం కదా, ఏ నేలైనా మారుతుంది" అని మనలో చాలామంది అంటుంటారు. అది సగమే నిజం. ఘనజీవామృతం, ఆచ్ఛాదన, పచ్చిరొట్ట ఇవన్నీ పై జానెడు మట్టిని బాగు చేస్తాయి. కర్బనం పెరుగుతుంది, మట్టి గుల్లబారుతుంది, వాన నీళ్లు ఇంకుతాయి. కానీ అడుగున్నర లోతులోనే మొరం తగిలే చెలకను నాలుగడుగుల నేలగా ఏ ద్రావణమూ చెయ్యలేదు. వాలు మారదు. ఇసుక నేల రేగడి కాదు. కింది పొరల్లో ఉన్న సుద్ద ఎక్కడికీ పోదు. మట్టి సర్వే పటం చెప్పేది సరిగ్గా ఈ మారని సంగతులే. రసాయన రైతు కన్నా మనకే అది ఎక్కువ అవసరం అని నేననేది ఇందుకే. ఆయన నేల లోపాన్ని నాలుగు బస్తాలతో కొన్నాళ్లు కప్పిపెట్టగలడు, మనకు ఆ దారి లేదు.

సాయిల్ హెల్త్ కార్డు ఉంది కదా అంటారా? 2015లో మొదలైన ఆ కార్డు 12 అంశాలు చెబుతుంది. ఉదజని సూచిక, కర్బనం, నత్రజని, జింకు లాంటివి. అవన్నీ పై పొర మట్టి ముచ్చట్లే. కింద రాయి ఎక్కడ తగులుతుందో కార్డులో ఉండదు.

మన దేశంలో మట్టి పటాలు తయారుచేసే ముఖ్యమైన సంస్థ నాగ్‌పూర్‌లోని జాతీయ మృత్తికా సర్వే, భూ వినియోగ ప్రణాళికా సంస్థ. రాష్ట్రాలవారీగా వాళ్లు వేసిన పటాలు 1:2,50,000 స్కేలులో ఉంటాయి. తెలంగాణ రైతులు పాత పటం కోసం వెతికేటప్పుడు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పేరుతో వెతకాలి. కొన్ని ప్రాంతాల్లో 1:10,000 స్కేలులో ఊరి స్థాయి సర్వేలు కూడా జరిగాయి. మీ మండలానికి ఉందేమో కేవీకేలో గానీ వ్యవసాయ విశ్వవిద్యాలయం పరిశోధనా కేంద్రంలో గానీ అడగండి. ఉంటే మీ అదృష్టం.

స్కేలు అర్థం కాకపోతే పటం మోసం చేస్తుంది

1:2,50,000 అంటే పటం మీద ఒక సెంటీమీటరు నేల మీద రెండున్నర కిలోమీటర్లు. ఒక చదరపు సెంటీమీటరు, అంటే మన బొటనవేలి గోరంత జాగా, 625 హెక్టార్లు. సుమారు 1,540 ఎకరాలు. అందులో మీ ఐదెకరాలు సూదిమొనంత. రెండు రంగుల మధ్య గీసిన గీత అర మిల్లీమీటరు మందం ఉన్నా, నేల మీద ఆ గీత వెడల్పే 125 మీటర్లు. అదే 1:10,000 పటంలో చదరపు సెంటీమీటరు అంటే ఒక హెక్టారు, రెండున్నర ఎకరాలు. అది చేనుకు పనికొచ్చే పటం.

ఫోన్‌లో పటం తెరిచి రెండు వేళ్లతో పెద్దది చేసి "ఇదిగో నా సర్వే నంబరు నల్ల నేలలో ఉంది" అని స్క్రీన్‌షాట్లు పంపుతున్నారు. అలా చూడకండి. పెద్దది చేస్తే రంగు పెద్దదవుతుంది గానీ సమాచారం పెరగదు.

ఇంకో సంగతి. పెద్ద పటంలో ఒక రంగు అంటే ఒకే నేల కాదు. ప్రధానమైన నేల ఒకటి, దానితో కలిసి ఉండే నేల ఇంకొకటి. పక్కన వివరణలో రెండూ రాసి ఉంటాయి, మనం మొదటిది చదివి ఆపేస్తాం. మన గ్రానైటు ప్రాంతాల్లో ఇలా ఎందుకుంటుందో వాలు చూస్తే అర్థమవుతుంది. గట్టు మీద మట్టి వానకు కొట్టుకుపోయి రాళ్లూ మొరమూ మిగులుతాయి. మధ్య వాలులో లోతైన ఎర్ర నేల ఉంటుంది. దిగువన వాగు దగ్గర రేగడి చేరుతుంది. ఒకే ఊళ్లో మూడూ ఉంటాయి. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ ఆవరణలో కూడా ఎర్ర నేల, నల్లరేగడి పక్కపక్కనే ఉన్నాయి. సర్వేలో ఎర్రదానికి పటాన్‌చెరు శ్రేణి అని, నల్లదానికి కాసిరెడ్డిపల్లి శ్రేణి అని పేర్లు పెట్టారు.

వివరణలో ఏం చదవాలి

నేను ముందు లోతు చూస్తాను. 25 సెంటీమీటర్ల లోపు చాలా తక్కువ లోతు, 25 నుంచి 50 తక్కువ లోతు, 100 దాటితే లోతైన నేల. లోతు ఎందుకంత ముఖ్యమో ఒక చిన్న లెక్క చూడండి. ఇసుక కలిసిన ఎర్ర చెలక మీటరు లోతుకు సుమారు 100 మిల్లీమీటర్ల నీళ్లను మొక్కకు అందేలా పట్టుకుంటుంది. లోతు 40 సెంటీమీటర్లే అయితే 40 మిల్లీమీటర్లు. ఎదిగిన పంట రోజుకు నాలుగైదు మిల్లీమీటర్లు తాగుతుంది. అంటే వాన ఆగిన ఎనిమిది, పది రోజులకు తొట్టి ఖాళీ. మీటరు లోతు రేగడి అయితే 150 నుంచి 200 మిల్లీమీటర్లు పట్టుకుంటుంది కాబట్టి నెల పైన లాగుతుంది. ఆగస్టులో రెండు మూడు వారాలు వాన మొహం చాటేయడం మనకు కొత్త కాదు. ఆచ్ఛాదన వేస్తే ఇంకొన్ని రోజులు ఆగుతుంది, కానీ తొట్టి సైజు మాత్రం అదే.

తర్వాత భూమి సామర్థ్య తరగతి. 1 నుంచి 8 వరకు రోమన్ అంకెల్లో ఉంటుంది. నాలుగు దాకా సాగుకు, ఐదు నుంచి గడ్డికీ, చెట్లకూ, అడవికీ. అంకె పక్కన చిన్న ఇంగ్లీషు అక్షరం ఉంటే అది లోపం పేరు. 'ఈ' అంటే కోత, 'డబ్ల్యూ' అంటే నీరు నిలవడం, 'ఎస్' అంటే వేరు పొరలో లోపం, 'సీ' అంటే వాతావరణం. నేను అంకె కన్నా ఈ అక్షరాన్నే ఎక్కువ పట్టించుకుంటాను. 'ఈ' ఉంటే ముందు వాలుకు అడ్డంగా గట్లు, తర్వాతే పంట. 'డబ్ల్యూ' ఉంటే బొప్పాయి ఆలోచన మానుకోండి, పసుపు అయితే ఎత్తు మడుల మీదే. వివరణలో సున్నం ఎక్కువని రాసి ఉంటే బత్తాయి, నిమ్మ పెట్టేముందు రెండుసార్లు ఆలోచించండి. అలాంటి నేలలో ఇనుము ఉన్నా వేరుకు అందదు, ఈనెలు పచ్చగా ఉండి ఆకు పసుపుపచ్చగా మారుతుంది.

మా వైపు ఒక అన్న ఆరెకరాల్లో మామిడి పెడతానని వచ్చాడు. పటంలో "లోతైన ఎర్ర నేలలు" అని చూసి మొక్కలకు అడ్వాన్సు కట్టడానికి సిద్ధంగా ఉన్నాడు. వివరణలో రెండో వరస చదివితే "వీటితో కలిసి తక్కువ లోతు, గులకరాతి నేలలు" అని ఉంది. వాలు వెంట పైనుంచి కిందికి ఐదు గుంతలు తీశాం. పై రెండింట్లో అడుగున్నరకే మొరం, గడ్డపార ఖంగుమంది. కింది మూడింట్లో ఐదడుగుల దాకా ఎర్ర మట్టే. ఊళ్లో ముసలాయన ఒకరు చూసి "దాన్ని మొరం చెలక అని ఊరికే అన్నరా?" అని నవ్వాడు. పాత చెలకల పేర్లు కూడా ఒక రకం సర్వేనే, పటంతో పాటు అవీ అడగండి. చివరికి కింది మూడున్నర ఎకరాల్లో మామిడి, పై రెండున్నరలో సీతాఫలం, మధ్యలో ఉలవలు, కొర్రలు, గట్ల మీద గ్లిరిసిడియా అనుకున్నాం. అన్న మనసు ఒప్పుకోక పైన కూడా పది మామిడి మొక్కలు పెట్టాడు. పెట్టనివ్వండి, ఆయన భూమి.

గుంతల సంగతికొస్తే, వార్షిక పంటలకు మూడడుగులు, తోటకు ఐదడుగులు చాలు. గట్టు, మధ్య, దిగువ కనీసం మూడు చోట్ల తియ్యాలి. మూలలో ఒక్కటి తీసి సరిపెట్టకండి. గోడకు టేపు వేలాడదీసి ఫోటో తీసుకోండి. రంగు ఎక్కడ మారింది, రాళ్లు ఎక్కడ మొదలయ్యాయి, వేర్లు ఎక్కడ ఆగాయి రాసుకోండి. కింది పొరలో బూడిద రంగు, తుప్పు మచ్చలు ఉంటే అక్కడ ఏటా నీళ్లు నిలుస్తున్నాయని గుర్తు. తెల్ల సుద్ద గడ్డలు కనిపిస్తే మట్టి మీద నిమ్మరసం పిండి చూడండి. నురగ వస్తే సున్నం ఉన్నట్టే, రాకపోతే లేదని చెప్పలేం, ల్యాబ్‌కు పంపాలి.

గుంతలు తీసిన రోజు పశువులు, పిల్లలు పడకుండా చుట్టూ కంప వెయ్యండి. పూడ్చేటప్పుడు అడుగు మట్టి అడుగుకే, పై మట్టి పైకే పోయాలి.