పాత కంప్యూటరులో మన తెలుగు: మాఱుప్రతియు, పునఃస్థాపనమును

కంప్యూటరును సంపాదించుట యొక యెత్తు, దానిని మన పనికి తగినట్లు తీర్చిదిద్దుకొనుట మఱియొక యెత్తు. తీర్చిదిద్దినదానిని కాపాడుకొనుట ఈ రెంటికంటెను ముఖ్యము. ఈ మూడవ విషయమును గూర్చి తలిదండ్రులకు తెలియవలసినంత మేరకు ఈ వ్యాసమున వివరింపబడును.

మన బడులకు దానముగా వచ్చు కంప్యూటరులు సాధారణముగ ఇతరులు వాడి విడిచినవి. విండోస్ 7నకు 2020 జనవరిలోను, విండోస్ 10నకు 2025 అక్టోబరులోను మైక్రోసాఫ్టువారి సాధారణ పోషణము ముగిసినది. విండోస్ 11 పాత యంత్రములలో పెక్కింటికి సరిపడదు. అట్టివానిని మఱికొన్నియేండ్లు పనిచేయించునది లినక్సు. 1991లో ఫిన్లండు విద్యార్థియైన లైనస్ టోర్వాల్డ్స్ ప్రారంభించిన ఈ వ్యవస్థను వెల యీయకయే పొందవచ్చును, మార్చుకొనవచ్చును, ఇతరులకు పంచిపెట్టవచ్చును. ఒక గిగాబైటు మెమరీ మాత్రమే గల యంత్రముపై గూడ యాంటిఎక్స్ వంటి తేలికపాటి లినక్సు రూపములు నడచును.

పోవునదేమి?

మన పిల్లలు వాడు కంప్యూటరు అంగడిలో దొరకు కంప్యూటరు వంటిది కాదు. అందు తెలుగు ఇన్‌స్క్రిప్టు మీటల అమరిక యుండును. పోతన 2000, లోహిత్ తెలుగు వంటి అక్షరరూపము లుండును. చిన్నపిల్లలకు జీకాంప్రీ, టక్స్ పెయింటు ఉండును. ఉపాధ్యాయులు లిబ్రాఫీసులో కూర్చిన ప్రశ్నపత్రములు, అభ్యాసపాఠములు ఉండును. ఇవి యొకనాట కూడినవి కావు, ఏండ్లకొలది ఒక్కొక్కటిగా చేరినవి.

తెలుగు సీమలోని బడికి ఒక ప్రశ్నపత్రము పోయినచో పొరుగుబడి నడిగి తెచ్చుకొనవచ్చును. తమిళనాటనో, ఒడిశాలోనో, మహారాష్ట్రములోనో నున్న మనకు అట్టి పొరుగుబడి ఎన్నియో మైళ్ళ దూరమున నుండును. యంత్రము చెడి అంగడికి పోయినప్పుడు డిస్కును తుడిచివేసి క్రొత్త వ్యవస్థను ఎక్కించి యిచ్చుట తఱచుగ జరుగుచుండును. అప్పుడు యంత్రము తిరిగివచ్చును గాని, తెలుగు తిరిగిరాదు.

తంజావూరి సరస్వతీ మహలులో తెలుగు తాళపత్రగ్రంథములు నేటికిని కలవు. ఆకునకు ఆయువు కొంతకాలమే. పురుగు తినకముందే క్రొత్త ఆకులపై ప్రతి వ్రాసిన లేఖకుల శ్రమచేతనే మన గ్రంథములలో పెక్కులు నేటివఱకు నిలిచినవి. హార్డు డిస్కు మన కాలపు తాళపత్రము. దానికిని ఆయువు కలదు. అది ముందుగ చెప్పి చెడదు.

కాపాడవలసినవి మూడు

మొదటివి, పిల్లలును ఉపాధ్యాయులును చేసిన ఫైళ్ళు. ఇవి హోమ్ అను ఫోల్డరులో నుండును. పోయినచో మఱల దొరకనివి ఇవియే.

రెండవవి, అమరికలు. వీనిలో పెక్కులు అదే హోమ్ ఫోల్డరులో, చుక్కతో మొదలగు పేర్లతో దాగియుండును. కంటికి కనబడిన ఫైళ్ళను మాత్రమే పెన్ డ్రైవులోనికి ఎక్కించువారు వీనిని విడిచిపెట్టుదురు. ఫైళ్ళను చూపు కిటికీలలో సాధారణముగ కంట్రోల్ మీటను, హెచ్ మీటను కలిపి నొక్కినచో ఇవి కనబడును. యంత్రమున కంతటికిని చెందిన అమరికలు ఈటీసీ అను ఫోల్డరులో నుండును.

మూడవది, వ్యవస్థయు అందలి ప్రోగ్రాములును. వీనిని ఇంటర్నెట్టునుండి మఱల తెచ్చుకొనవచ్చును గాని, పాత యంత్రములకు తగిన రూపములు ఎల్లకాలము లభింపవు. 2025లో వెలువడిన డెబియన్ 13 నుండి 32 బిట్ల పాత కంప్యూటరులపై ఎక్కించు ఏర్పాటు తొలగింపబడినది. కావున చక్కగ పనిచేయుచున్న వ్యవస్థను ప్రతి తీసి దాచుకొనుట మేలు.

ప్రతి తీయు విధములు

ఫైళ్ళ కొఱకు ఆర్‌సింక్ అను సాధనము కలదు. అది మొదటిసారి అన్నిటిని ప్రతి తీయును. పిమ్మట మాఱినవానిని మాత్రమే తీయును గావున పాత యంత్రమునకు శ్రమ తక్కువ.

వ్యవస్థ కొఱకు టైమ్‌షిఫ్ట్ అను సాధనము కలదు. క్రొత్త సవరణలు ఎక్కించిన పిమ్మట యంత్రము మొరాయించినచో, ఇది నిన్నటి స్థితికి తిరిగి తెచ్చును. అయితే మనము ప్రత్యేకముగ కోరిననే గాని హోమ్ ఫోల్డరులోని ఫైళ్ళను ఇది దాచదు. దీనిని నమ్మి పిల్లల పనికి వేఱుగ ప్రతి తీయకుండుట ప్రమాదము.

డిస్కు నంతను ఉన్నదున్నట్లు ప్రతి తీయుటకు తైవానులో తయారైన క్లోన్‌జిల్లా తగినది. దీనిని పెన్ డ్రైవునుండి నడిపి, డిస్కు వాడుకలో లేనప్పుడు ప్రతి తీయవలెను.

ఒకే యమరికను పది యంత్రములకు పంచవలెనన్నచో, యాంటిఎక్స్, ఎంఎక్స్ లినక్సులలోని స్నాప్‌షాట్ సాధనము ఉపకరించును. ఇది నడచుచున్న వ్యవస్థనుండియే పెన్ డ్రైవుతో నడుపదగిన ప్రతిని తయారు చేయును. ఇతరుల కిచ్చునప్పుడు వాడుకదారుల సొంత ఫైళ్ళు చేరని పద్ధతినే ఎన్నుకొనవలెను. పిల్లల పేర్లు, మార్కులు పరులచేతికి పోరాదు.

జాగ్రత్తలు

1. ప్రతిని అదే డిస్కులో దాచుట, తాళపుచెవిని పెట్టెలోనే పెట్టి మూయుటవంటిది. వేఱు డిస్కు అవసరము.

2. ఫ్యాట్32 పద్ధతిలో నున్న పెన్ డ్రైవు 4 గిగాబైట్లకు మించిన ఒక్క ఫైలును పట్టదు. లినక్సు ఫైళ్ళ యాజమాన్యపు గుఱుతులు కూడ అందు నిలువవు. ఫైళ్ళ ప్రతులను దాచు డిస్కును ఎక్స్‌ట్4 పద్ధతిలో సిద్ధపఱచుకొనవలెను.

3. 64 బిట్ల వ్యవస్థ 32 బిట్ల యంత్రమున నడువదు. ప్రతిపై ఈ సంఖ్యను వ్రాసియుంచుడు.

4. క్లోన్‌జిల్లా ప్రతిని సాధారణముగ మొదటి డిస్కుకంటె చిన్న డిస్కుపై ఎక్కింప వీలుకాదు.

5. ఫైళ్ళను మాత్రమే క్రొత్త డిస్కుపై ఎక్కించినచో, డిస్కు గుర్తింపుసంఖ్య మాఱును. ఎఫ్‌స్టాబ్ అను పట్టికలో క్రొత్త సంఖ్యను వ్రాసి, గ్రబ్ అను ప్రారంభసాధనమును మఱల నెలకొల్పవలెను.

6. పాత యంత్రములలోని నాణెమువంటి చిన్న బ్యాటరీ క్షీణించిన గడియారము తప్పును. ఆర్‌సింక్ సాధారణముగ ఫైలు పరిమాణమును, కాలమును చూచియే మార్పును గుర్తించును గావున, ముందుగ ఆ బ్యాటరీని మార్చవలెను.

పరీక్షింపని ప్రతి ప్రతి కాదు

విత్తనపు గింజలను దాచిన రైతు, విత్తుటకు ముందు కొన్నిటిని తడిపి మొలక చూచును. అట్లే ఏడాది కొకసారియైనను ప్రతిని వేఱొక పాత యంత్రముపై ఎక్కించి చూడవలెను. యంత్రము తెఱచుకొన్నంతమాత్రమున పరీక్ష ముగియదు. ఒక పిల్లవానిని పిలిచి క్ష, జ్ఞ, స్త్రీ, ఋషి అని టైపు చేయింపుడు. ఒత్తులు సరిగ పడినవా? పాత ప్రశ్నపత్రము అక్షరము చెదరక తెఱచుకొన్నదా? అచ్చుయంత్రము తెలుగును అచ్చొత్తినదా? ఈ మూడింటికిని సరియైన జవాబు వచ్చినప్పుడే మన ప్రతి నమ్మదగినది.

తలిదండ్రులు చేయదగినవి

మూడు ప్రతులు, రెండు విధములైన సాధనములపై, అందొకటి వేఱొక చోట నుండవలెనని అనుభవజ్ఞులు విధించిన నియమము. ఆ వేఱొక చోటు తలిదండ్రులలో నొకరి యిల్లు కావచ్చును. అట్లు బయట నుంచు ప్రతికి సంకేతపదముతో తాళము వేయవలెను. ఆ పదము ఇద్దఱు పెద్దలకు తెలిసియుండవలెను. ఏ డిస్కులో నేమున్నదో, ఏనాడు తీసినదో, ఏ విధమున తిరిగి ఎక్కించవలెనో ఒక నోటుపుస్తకమున తెలుగున వ్రాసియుంచవలెను. కంప్యూటరు చెడిననాడు కంప్యూటరులో దాచిన సూచనలు అక్కఱకు రావు.

ఇంటిలోని యంత్రమును అంగడికి పంపునప్పుడు, డిస్కును తుడువవద్దని ముందుగ చెప్పుడు. వీలైనచో డిస్కును తీసి యింట నుంచుకొని పంపుడు. నెలకొక గంట యీ పనికి కేటాయించినచో, ఏండ్లతరబడి కూడిన పని నిలుచును. మన పెద్దలు పరసీమలో తెలుగును నోటితోను వ్రాతతోను తరతరములుగ ఒప్పగించిరి. ఆ వరుసలో మన వంతు ఈ చిన్నపెట్టెను గూడ జాగ్రత్తగ ఒప్పగించుట.