నానిన చువ్వ మాట వింటుంది

చెల్లీ, మొన్న ఫోన్లో ‘సెలవు రోజున కూడా కుదురుగా కూర్చోలేకపోతున్నానే అక్కా’ అన్నావు. అప్పట్నుంచీ నా బుట్ట సంగతి నీకు చెప్పాలని మనసు పీకుతోంది.

మా బ్రిస్టల్‌కి దక్షిణాన సోమర్‌సెట్ పల్లపు భూములున్నాయి. అక్కడ బుట్టల కోసం పెంచే విల్లోని చెట్టు కానివ్వరు. ఆకు రాలాక ఏటా మొదలంటా కోసేస్తారు. వసంతం రాగానే ఆ మోడు నుంచే సన్నని చువ్వలు లేచి, ఏడాది తిరక్కుండానే మనిషి ఎత్తు దాటుతాయి. బెరడుతో ఎండబెడితే గోధుమరంగు చువ్వ. ఉడకబెట్టి బెరడు ఒలిస్తే చిక్కటి టీ రంగు పడుతుంది.

బెరడున్న ఎండు చువ్వని అడుగు పొడవుకి ఒక రోజు చొప్పున నానబెట్టాలి. మూడడుగులదైతే మూడు రోజులు. ఆ తర్వాత తడిబట్టలో చుట్టి ఒక రాత్రి ఉంచాలి. మొదటిసారి నాకు ఓపిక లేక ఒక్క రాత్రి నానబెట్టి కూర్చున్నాను. బుట్ట అడుగు బాగానే వచ్చింది. మూడు పుల్లల్ని మధ్యలో చీల్చి, ఆ చీలికల్లో మరో మూడు దూర్చి, చుట్టూ అల్లుకుంటూ పోయాను. దబ్బనంతో సందు చేసి ఇరవై నాలుగు నిలువు చువ్వలు దోపాను. వాటిని పైకి వంచబోతే ఒకటి ఫట్‌మంది. తర్వాత ఇంకొకటి. ఏడు విరిగాయి. ఏడుపొచ్చేసింది చెల్లీ.

రెండోసారి మూడు రోజులూ ఆగాను. వంపు దగ్గర చాకుమొనతో కాస్త నొక్కి, కొంచెం మెలితిప్పి పైకెత్తితే చువ్వ మెత్తగా లేచి నిలబడింది. ఇరవై నాలుగింటినీ పైన కొప్పులా కట్టేశాక, మూడు చువ్వలతో చుట్టు మొదలుపెట్టాను: రెండు నిలువు చువ్వల ముందు నుంచి, ఒకదాని వెనక నుంచి. అమ్మ మనకి జడ వేసినట్టే, పాయ మీద పాయ. తడిసిన బెరడు వాసన గదంతా నిండింది. రెండు గంటలపాటు ఫోన్ ఎక్కడుందో కూడా గుర్తు రాలేదు. నీకు కావలసింది ఇదే అనిపించింది.

మన వీధిలోకి ఈతబరిగెల గంపలు తెచ్చే ఆవిడ గుర్తుందా? వేపచెట్టు కింద కాలి బొటనవేలితో బరిగెని అదిమిపట్టి, మనతో మాట్లాడుతూనే అల్లేసేది. నాకు రెండు రోజులు పట్టిన పని ఆవిడ చేతిలో ఒక్క పూటలో అయిపోయేది. అలాంటి గంపకి రూపాయి తగ్గించమని బేరమాడాం మనం. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

నా బుట్ట కాస్త ఎడమకి ఒరిగింది. ఒక పక్కన చువ్వల మొదళ్ళు, ఇంకో పక్కన కొసలు పడటంతో లావు తేడా వచ్చింది. అయినా ఉల్లిపాయలు అందులోనే పోస్తున్నాను. గాలి ఆడుతుంది, కుళ్ళవు.

క్రిస్మస్ సెలవులకి శుక్రవారం దిగుతావుగా. మంగళవారమే చువ్వలు నీళ్ళలో వేసి, నువ్వొచ్చిన రాత్రి తడిబట్టలో చుట్టి పెడతాను. శనివారం పొద్దున్నే ఇద్దరం నేలమీద చాప పరుచుకుని కూర్చుందాం. గోళ్ళు మాత్రం కత్తిరించుకుని రా.