గుర్రం ఎక్కే ముందు: డాలస్‌కు కొత్తగా వచ్చినవారికి

ఫ్రిస్కో, ప్లేనోల్లో కాపురం పెట్టిన మనవాళ్లకు ఉత్తరాన ఆబ్రీ, పైలట్ పాయింట్ చుట్టూ ఉన్న గుర్రాల ఫారాలు కంటబడటానికి ఎంతోకాలం పట్టదు. పిల్లలు సరదాపడతారు, క్లాసు బుక్ అవుతుంది, ఆ సాయంత్రమే కౌబాయ్ టోపీ ఇంటికొస్తుంది. టోపీ ఫొటోలకు బాగుంటుంది. డబ్బు మాత్రం హెల్మెట్ మీదా బూట్ల మీదా పెట్టండి.

సైకిల్ హెల్మెట్ ఇక్కడ చెల్లదు. గుర్రపు స్వారీకే చేసినదై, లోపల ఏఎస్‌టీఎం, ఎస్‌ఈఐ భద్రతా ముద్ర ఉండాలి. చాలాచోట్ల ఫారం వాళ్లే వాడుకోవడానికి ఇస్తారు. గట్టి దెబ్బ తగిలిన హెల్మెట్‌కు పైకి పగులు కనబడకపోయినా మార్చేయాల్సిందే. నేర్పే ఆయన తాను టోపీతోనే ఎక్కుతుండవచ్చు. అది ఆయన ఇష్టం. మీ పిల్లల విషయంలో మొహమాటపడకండి.

బూటుకు అంగుళం మడమ, నున్నటి అడుగు ఉండాలి. మడమ లేకపోతే పాదం రికాబులోంచి ముందుకు జారిపోతుంది. స్పోర్ట్స్ షూ అడుగున ఉండే గాళ్లు అక్కడే పట్టేసుకుంటాయి. పడినప్పుడు కాలు ఊడిరాకపోతే గుర్రం ఈడ్చుకుపోతుంది. స్వారీలో అన్నిటికన్నా భయపడాల్సింది దీనికే. జీన్స్ చాలు, తొడల లోపలి కుట్టు మందంగా లేకుండా చూసుకోండి. చున్నీ, వేలాడే చెవి కమ్మలు, ఉంగరాలు, గాజులు ఇంట్లోనే వదిలి వెళ్లండి.

బుక్ చేసేటప్పుడు బరువు అడుగుతారు. మన దగ్గర అది మర్యాద కాని ప్రశ్నే, కానీ ఇక్కడ నిజం చెప్పండి. జీనుతో కలిపి మీ బరువు గుర్రం బరువులో ఐదో వంతు దాటకూడదన్నది చాలామంది పాటించే లెక్క. టెక్సస్‌లో ఎక్కువగా కనిపించే క్వార్టర్ హార్స్ సుమారు 450 కిలోలనుకుంటే 90 కిలోలన్నమాట. వెస్టర్న్ జీనే దాదాపు 15 కిలోలుంటుంది.

సంతకం పెట్టమనే కాగితం చదవండి. గుర్రం సహజ స్వభావం వల్ల జరిగే ప్రమాదాలకు నిర్వాహకుల బాధ్యతను టెక్సస్ చట్టం చాలావరకు తగ్గించింది. ఫారం దగ్గర కనిపించే హెచ్చరిక బోర్డు దాని గురించే. అందుకే మీ ఆరోగ్య బీమా ఇలాంటి ప్రమాదాలకు వర్తిస్తుందో లేదో ముందే కనుక్కోండి. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలను మనవలతో పాటు ఎక్కించాలన్న ముచ్చట ఉంటే, వాళ్ల ట్రావెల్ ఇన్సూరెన్స్ మినహాయింపులు చూశాకే.

మొదటి క్లాసులో కాసేపు నేల మీదే గడుస్తుంది: బ్రష్ చేయడం, డెక్కల్లో మట్టి తీయడం, జీను బిగించడం. డబ్బు దండగ అనుకోకండి, గుర్రం మీకు అలవాటయ్యేది అప్పుడే. సరిగ్గా వెనకా, ముక్కు ముందూ దానికి కనబడదు. మాట్లాడుతూ, ఎడమ భుజం వైపు నుంచి దగ్గరికి వెళ్లండి. పట్టుకున్న తాడును చేతికి ఎన్నడూ చుట్టుకోవద్దు. క్యారెట్ ఇవ్వాలనుంటే అడిగి, అరచేయి చాచి ఇవ్వండి.

జూలై, ఆగస్టుల్లో మధ్యాహ్నాలు తరచూ 38 డిగ్రీలు దాటుతాయి కనుక పొద్దున్న క్లాసు అడగండి. అడ్వాన్స్ కట్టక ముందు ఒక పూట వెళ్లి వేరేవాళ్ల క్లాసు చూడండి. చూడనివ్వని చోట చేరకండి.