పెద్దది చేసినా చెదరని గీత



వైజ్ఞానిక ప్రదర్శన కోసం మా తొమ్మిదో తరగతి పిల్లలు కంప్యూటరులో ఒక ఆకు బొమ్మ గీశారు. తెర మీద అరచేయంత ఉన్నప్పుడు అది ముచ్చటగానే ఉంది. చార్టంత పెద్దది చేసి అచ్చు వేయించగానే ఆకు అంచు మెట్లు మెట్లుగా తేలింది. పిల్లల మొహాలు చిన్నబోయాయి. తప్పు వాళ్ళ చేతిది కాదు. మరి ఎక్కడుంది?

ఆ బొమ్మ చిన్న చిన్న చదరాలతో ఏర్పడింది. వీటిని పిక్సెళ్ళు అంటారు. అడ్డంగా 100, నిలువుగా 100 ఉంటే మొత్తం 10,000. ప్రతి చదరం రంగునూ కంప్యూటరు గుర్తుంచుకుంటుంది. బొమ్మను పది రెట్లు పెంచితే కొత్త వివరాలేవీ రావు. ఉన్న చదరాలే పెద్దవవుతాయి. ఫోటోలకు ఈ పద్ధతే తగినది. గీతల బొమ్మలకు మరో పద్ధతి ఉంది.

అందుకోసం నేను 'ఇంక్‌స్కేప్' అనే ప్రోగ్రామును తొలిసారి తెరిచాను. 2003లో మొదలైన దీనిని ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. ఇది బొమ్మను రేఖాగణితంగా గుర్తుంచుకుంటుంది. వృత్తానికి కేంద్రం, వ్యాసార్థం, రంగు తెలిస్తే చాలు. పెద్దది చేసిన ప్రతిసారీ లెక్కగట్టి కొత్తగా గీస్తుంది.

ఆకు అంచు వృత్తం కాదు కదా! దానికి 'బెజియే వక్రరేఖ' కావాలి. ఫ్రాన్సులో కార్ల ఒంపులు గీయడానికి 1959లో సిత్రొయెన్ కంపెనీలో పాల్ ద కాస్టెల్జో, 1960లలో రెనో కంపెనీలో పియేర్ బెజియే ఈ గణితాన్ని వేర్వేరుగా రూపొందించారు.

నా తొలి ఆకు వంకర వంకరగా వచ్చింది! అంచు పొడుగునా ముప్పై బిందువులు పెట్టడమే నా పొరపాటు. నిజానికి తొడిమ దగ్గర ఒకటి, కొన దగ్గర ఒకటి చాలు. బిందువుకున్న పిడిని లాగితే గీత అటు వంగుతుంది.

ఇందులోని కిటుకు మీరే చూడండి. కంప్యూటరు అక్కరలేదు. గ్రాఫు కాగితంపై క (0, 0), ఖ (4, 8), గ (8, 0) గుర్తించండి. కఖ మధ్యబిందువు (2, 4). ఖగ మధ్యబిందువు (6, 4). ఈ రెండింటినీ కలిపే రేఖ మధ్యబిందువు (4, 4). ఇది వక్రరేఖపై ఉంటుంది. ఇప్పుడు (0, 0), (2, 4), (4, 4) తీసుకుని ఇదే పని చేయండి. (2, 3) వస్తుంది. కుడివైపు (6, 3) వస్తుంది. ఇలా వచ్చిన బిందువులను క నుండి గ వరకు నున్నగా కలపండి. ఇంక్‌స్కేప్ ఒక బిందువు ఎక్కువ వాడుతుంది, అంతే తేడా.

మరునాడు మా పిల్లలు ఆకును మళ్ళీ గీశారు. చార్టు గోడకెక్కింది. అంచు నున్నగా ఉంది.

ఖ బిందువును (4, 12)కు జరిపితే వక్రరేఖ శిఖరం ఎక్కడికి చేరుతుంది? ముందు ఊహించి, తరువాత గీసి చూడండి.