కప్పు కొలిచేది బరువును కాదు

అమ్మ వ్రాసి పంపిన ఆవకాయ పద్ధతిలో "నువ్వుల నూనె ఒక కిలో" అని ఉంటుంది. అమెరికాలోని మన వంటింట ఉన్న కొలత కప్పు. కిలో తెలిపేది బరువు; కప్పు తెలిపేది ఘనపరిమాణం. ఈ రెంటినీ కలిపే వారధి సాంద్రత.

ఒక మిల్లీలీటరు ద్రవం ఎన్ని గ్రాములు తూగుతుందో అదే దాని సాంద్రత. నీటికి అది దాదాపు 1, నూనెకు సుమారు 0.92, తేనెకు సుమారు 1.42. అమెరికా కప్పు దాదాపు 237 మిల్లీలీటర్లు. కనుక అదే కప్పులో నీరు 237 గ్రాములు, నూనె 218, తేనె 336 గ్రాములు తూగుతాయి. నూనె నీటిపై తేలడానికి కారణమూ ఇదే.

'ఔన్సు' అనే మాట మరింత భ్రమ కలిగిస్తుంది. ద్రవ ఔన్సు ఘనపరిమాణానిది. మామూలు ఔన్సు బరువుది. 8 ద్రవ ఔన్సుల తేనె సుమారు 12 ఔన్సులు తూగుతుంది!

ఇక ఆవకాయకు వద్దాం. 1000 గ్రాములను 0.92తో భాగించగా వచ్చేది 1087 మిల్లీలీటర్లు, అనగా నాలుగున్నర కప్పులకు కాస్త పైన. లీటరుతో సరిపెట్టుకొంటే నూనె 80 గ్రాములు తగ్గుతుంది. జాడీలో ముక్కలు నూనెలో మునగకపోతే బూజు పట్టే ప్రమాదం ఉన్నది. అమ్మ లెక్క తప్పు కాదు. మనం కొలత మార్చుకొనడమే మరచితిమి.