మాంసకృత్తుల ఆకృతిని గుర్తించే ఆప్టమర్లు

ఉర్దూ లిపి నేర్చినవారికి ఒక విషయం సుపరిచితమే. 'బే' అనే అక్షరం పదం మొదట ఒక రూపంలోను, మధ్యలో మరొక రూపంలోను, చివర వేరొక రూపంలోను కనిపిస్తుంది. అక్షరం ఒక్కటే; ఆకృతులు వేరు. మన శరీరంలోని మాంసకృత్తుల, అనగా ప్రోటీన్ల, విషయమూ ఇట్టిదే. అమైనో ఆమ్లాల వరుస మారకపోయినా, ఆ గొలుసు మడతపడే తీరు మారితే దాని స్వభావమే మారిపోవచ్చును.

ఇందుకు ప్రియాన్ ప్రోటీన్ నిదర్శనం. ఆరోగ్యవంతుల మెదడులో ఇది సహజంగానే ఉంటుంది. మడత తప్పిన ప్రియాన్ మాత్రం ప్రక్కనున్న మంచి ప్రోటీన్లను కూడా తనవలె మార్చివేస్తుంది. మానవులలో క్రాయిట్జ్‌ఫెల్ట్-జాకబ్ వ్యాధికి, పశువులలో 'పిచ్చి ఆవు' వ్యాధికి మూలం ఇదే. ఈ పరిశోధనకు స్టాన్లీ ప్రూసినర్ 1997లో నోబెల్ బహుమతి పొందారు. రెండు రూపాలలోను వరుస ఒక్కటే కనుక, వాటిని వేరుపరచడానికి ఆకృతియే ప్రధానమైన గుర్తు. ఆ గుర్తు పట్టేదెట్లు?

అందుకు ఉపకరించే సాధనాలలో ఆర్.ఎన్.ఎ. ఆప్టమర్ ఒకటి. ఆర్.ఎన్.ఎ. సాధారణంగా ఒంటి పోగు. దానిలోని క్షారాలు పరస్పరం జతకూడి పోగును మెలికలుగాను, ఉచ్చులుగాను మలుస్తాయి. అట్టి మలుపు ఏదో ఒక అణువుకు సరిగా అమరితే దానిని గట్టిగా పట్టుకొంటుంది. 1990లో కొలరాడోలో టర్క్, గోల్డ్. బోస్టన్‌లో ఎల్లింగ్టన్, షోస్టాక్ ఇట్టి పోగులను ఎంచే పద్ధతిని వేర్వేరుగా ప్రకటించారు. కోట్లాది భిన్న పోగులను తయారుచేసి, కావలసిన అణువుతో కలుపుతారు. అంటుకొన్నవాటిని ఉంచి, తక్కినవాటిని కడిగివేస్తారు. మిగిలినవాటి ప్రతులను పెంచి, మరల మరల పరీక్షిస్తారు. మన రైతులు తూర్పారబట్టి తాలును వేరుచేసినట్లే ఈ పని సాగుతుంది. ఒకే ప్రోటీన్ రూపాలలో ఒకదానినే పట్టే పోగు కావలెనన్నచో, రెండవ రూపానికి అంటుకొనేవాటిని ముందే తొలగించవచ్చును.

ఈ చరిత్రతో మన గోదావరి సీమకు సంబంధం గలదు. 1895లో భీమవరంలో జన్మించి, కొవ్వూరుకు ఆవలి ఒడ్డునున్న రాజమహేంద్రవరంలో కొంతకాలం చదివిన యల్లాప్రగడ సుబ్బారావు గారు హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి కండరాలలో ఏ.టి.పి.ని కనుగొని 1929లో ప్రకటించారు. జర్మనీలో లోమన్ కూడా అదే సంవత్సరం దానిని వెల్లడించారు. 1993లో షోస్టాక్ ప్రయోగశాల ఆ ఏ.టి.పి.నే గుర్తించే ఆర్.ఎన్.ఎ. ఆప్టమర్‌ను వెలువరించింది.

చిన్న అణువులనే గాక ప్రోటీన్ మడతలను సైతం ఆప్టమర్లు గుర్తించగలవని తరువాత తేలినది. సహజ ప్రియాన్ కంటె వికృత ప్రియాన్‌కు పది రెట్లకు మించి గట్టిగా అంటుకొనే ఆర్.ఎన్.ఎ. ఆప్టమర్ 2003లో ప్రకటింపబడినది. పరీక్షనాళికలో అది మంచి ప్రోటీన్ వికృతం కాకుండ అడ్డుకొన్నది కూడా.

అయితే రక్తంలోని ఎంజైములు ఆర్.ఎన్.ఎ.ను త్వరగా ఛేదిస్తాయి. అందుచేత పోగులోని చక్కెర భాగంలో ఫ్లోరిన్ వంటివి చేర్చి దానిని దృఢపరుస్తారు. ఇట్లు రూపొందిన పెగాప్టనిబ్ అనే కంటి మందుకు 2004లో అమెరికాలో అనుమతి లభించినది. ప్రియాన్ వ్యాధులకు మాత్రం నేటికీ నివారణౌషధం లేదు. పరీక్షనాళికలో దొరికిన ఫలితం రోగి శయ్య వరకు చేరడానికి ఇంకను చాలా దూరమున్నది.

విద్యార్థి మిత్రులకు మా మనవి ఒకటే. ప్రోటీన్‌ను అమైనో ఆమ్లాల పట్టికగా మాత్రమే కంఠస్థం చేయవద్దు. ఒక తీగను రెండు విధాలుగా మడిచి చూడండి. తీగ అదే, కాని ఒక మడతలో ఇమిడిన గోళీ రెండవ మడతలో ఇమడదు. ఆప్టమర్ల ఎంపికకు ఆధారం ఈ భేదమే.