ఆండ్రాయిడ్ నుంచి ఐఫోన్‌కి: ఫొటోలు, పాటలు పోకుండా ఎలా?

ప్రశ్న: ఆండ్రాయిడ్ వదిలి ఐఫోన్ కొంటున్నాను. పాత ఫోన్‌లో ఫొటోలు, ఎంపీ3 పాటలు, వాట్సాప్ సందేశాలు ఉన్నాయి. ఏదీ పోకుండా మార్చుకోవడం ఎలా?
– ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: కొత్త ఫోన్‌ని తొందరపడి వాడేయకండి. ఆపిల్ వారి ‘మూవ్ టు ఐఓఎస్’ యాప్‌ని పాత ఫోన్‌లో వేసుకుని, ఐఫోన్‌ను మొదటిసారి సెటప్ చేసేటప్పుడే బదిలీ మొదలుపెట్టాలి. ఫొటోలు, వీడియోలు, కాంటాక్టులు వచ్చేస్తాయి. రెండు ఫోన్లూ చార్జింగ్‌లో ఉంచండి. పూర్తయ్యేదాకా పాత ఫోన్‌లో ఇంకో యాప్ తెరవద్దు.

చాలామంది దెబ్బతినేది వాట్సాప్ దగ్గరే. గూగుల్ డ్రైవ్‌లో బ్యాకప్ ఉంది కదా అని ధీమాగా ఉంటారు. ఆ బ్యాకప్ ఐఫోన్‌లో తెరుచుకోదు! ‘మూవ్ టు ఐఓఎస్’ యాప్‌లోనే వాట్సాప్‌ను కూడా ఎంచుకోవాలి. ఐఫోన్‌లో పాత నంబరుతోనే లాగిన్ అవ్వాలి.

ఎంపీ3 పాటలు మాత్రం ఇలా రావు. వాటిని కంప్యూటర్‌లోకి కాపీ చేసి, అక్కడి నుంచి ఎక్కించుకోవాలి.

ఇక ఫొటోలను ఆన్‌లైన్‌లో దాచుకోవడం సంగతి. ఆపిల్ వారి ఆన్‌లైన్ నిల్వ ఐక్లౌడ్‌లో ఉచితంగా దక్కేది 5 జీబీయే. గూగుల్ ఇచ్చేది 15. కాబట్టి గూగుల్ ఫొటోస్‌నే ఐఫోన్‌లోనూ కొనసాగించడం నయం. అన్నీ తెరిచి చూసుకున్నాకే పాత ఫోన్‌ను ఎక్స్ఛేంజ్‌లో ఇవ్వండి.